రెండున్నర అంగుళాలు

ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఎదురుగా ‘మేడమ్’, వెనక ‘ఎందుకమ్మ’. ప్రభుత్వ ఆసుపత్రులకు దూది దగ్గర్నుంచి మంచాల దాకా కొనిపెట్టే కార్యాలయంలో ఆవిడ సూపరింటెండెంటు. ఏ ఆసుపత్రైనా మాకిది కావాలని ఇండెంటు రాసి పంపితే, దాని పక్కన ఎర్ర సిరాతో ‘ఎందుకు?’ అని రాసి తిప్పి పంపడం ముప్పై ఒక్కేళ్ళుగా ఆవిడకున్న జబ్బు. జబ్బన్నది ఆఫీసువాళ్ళ మాట. ఆవిడ మాత్రం అదే ఉద్యోగమనుకుంది.

అనుకుని ఏం బావుకుందంటే మోకాళ్ళ నొప్పులు బావుకుంది. సెక్షను మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది గానీ, దానికి కావలసిన మోటారు కొనే ఫైలు కూడా ఇదే ఆఫీసులో ఉంది కాబట్టి అది నడవదు. రోజూ రెండో అంతస్తు మలుపులో గోడ పట్టుకుని ఒక నిమిషం నిలబడి, ఇంకెన్ని రోజులని చూసుకునేది. ఆ ఉదయానికి నలభై. నలభై రోజుల్లో రిటైర్మెంటు. ఈలోగా ఒక్క పని చేసి పోవాలని ఆవిడ కోరిక. కొనుగోలు ఫారంలో ఒక గడి పెట్టించాలి.

ఆ ఫారంలో ఇప్పటికే ఇరవై రెండు గడులున్నాయి. చివరిది ‘సరుకు చేరింది’. అందులో ముద్ర పడగానే ఫైలు మూసి బీరువాలో పెట్టేస్తారు. ఆ తర్వాత ఆ సరుకు బతికిందా చచ్చిందా అడిగే నాథుడు లేడు. ఆవిడ అడిగేది ఇరవై మూడో గడి. ‘ఆరు నెలల తర్వాత ఎవరు వెళ్ళి చూశారు? ఏం చూశారు?’ ఇంత చిన్న ప్రశ్నకు ఏడేళ్ళుగా నలుగురు డైరెక్టర్ల దగ్గర తిరిగింది. నలుగురూ ‘మంచి ఆలోచన’ అనే అన్నారు. ఆ మాట వింటేనే ఇప్పుడావిడకు నీరసం వస్తుంది.

అసలు ఈ కొనడం అనేది ఎలా జరుగుతుందో బయటివాళ్ళకు తెలిస్తే ఆసుపత్రికి వెళ్ళడం మానేస్తారు. ఏడాదంతా ఊరుకుని, ఆర్థిక సంవత్సరం ఆఖరి నెలలో ఇండెంట్లు కట్టలు కట్టలుగా వచ్చిపడతాయి. అందులో సగం పోయినేటివే, తేదీ మార్చి పంపినవి. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే గది మూసేసి తొమ్మిదేళ్ళయింది. ఎక్స్‌రే ఫిల్ము మాత్రం ఏటా అడుగుతూనే ఉన్నారు. ఎందుకని ఈవిడ రాస్తే, ‘గత సంవత్సరం కూడా అడిగాము’ అని జవాబు. దాని కింద మళ్ళీ ‘ఎందుకు?’ అని రాసింది. అక్కడి నుంచి ఇప్పటి దాకా పలుకు లేదు.

కొత్త డైరెక్టరు చెడ్డవాడేమీ కాదు. చురుకైనవాడు, నలభై దాటలేదు, పెద్దవాళ్ళంటే మర్యాద ఉంది. వచ్చీ రాగానే మూడేళ్ళ ప్రణాళిక అన్నాడు. పనితీరు కొలవాలన్నాడు. ఇన్నాళ్ళకు ఒక్కడు దొరికాడురా అని ఎందుకమ్మ మనసులో సంతోషించింది కూడా. తర్వాత ఆయన హాల్లో గోడకు పెద్ద తెర పెట్టించాడు. దాని మీద ప్రతి కొనుగోలుకూ ఒక రంగు. ఇండెంటు అందిన రోజు నుంచి సరుకు చేరిన రోజు దాకా ముప్పై రోజుల్లోపైతే పచ్చ, అరవైలోపైతే పసుపు, దాటితే ఎరుపు. రెండు నెలలు తిరక్కుండానే తెరంతా పచ్చబడింది. గుమాస్తాలు తెలివైనవాళ్ళు. ఇండెంటు వచ్చినా ‘అందింది’ అన్న ముద్ర వేయకుండా సొరుగులో పడుకోబెట్టి, సరుకు అమ్మేవాడు లారీ ఎక్కించాక ముద్ర వేయడం మొదలుపెట్టారు.

ఆ సంగతి చెబితే డైరెక్టరు నవ్వాడు. కాసేపు పెన్ను తిప్పి, “సరే మేడమ్, మీ గడి పెడదాం. కానీ పైవాళ్ళకి చూపించడానికి ఏదో ఒకటుండాలి కదా. ఒక్క కొనుగోలు తీసుకోండి. వెళ్ళి చూసి రాసుకురండి. చక్కగా ఉన్నది తీసుకోండి. ఇదిగో, ఇలా చూస్తే ఇంత ప్రయోజనం తెలిసింది అని చెబితే ఎవరూ కాదనరు,” అన్నాడు.

ఏది తీసుకోవాలో వెతుక్కునే పని లేదు. ఆవిడ కుర్చీ వెనక గోడ మీద అద్దం కట్టిన ప్రశంసాపత్రం వేలాడుతూనే ఉంది. మూడేళ్ళ కిందట నదికి అవతల పెద్దాసుపత్రికి నూట ఇరవై మంచాలు. తల వైపు, కాళ్ళ వైపు లేపుకునే మంచాలు, రోగి దొర్లిపడకుండా రెండు పక్కలా కమ్మీలు. ఇరవై ఆరు రోజుల్లో చేర్పించింది, అదీ దొంగముద్రల కాలం రాకముందు. ముప్పై ఒక్కేళ్ళలో చేతికి దొరికిన ఒకే ఒక్క మెప్పు అది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే భర్త మిషను మీంచి తలెత్తలేదు. ఆయన దర్జీ. ముందుగది ఆయన కొట్టు. మెళ్ళో టేపు లేకపోతే ఆయనకు బట్టలేసుకోనట్టే ఉంటుంది.

“రేపు వెళ్ళేదేదో టేపు తీసుకెళ్ళు,” అన్నాడు.

“మంచాలకి చొక్కాలు కుట్టిస్తారా ఏంటండీ?”

“చూడ్డానికి కదా వెళ్తున్నావు. చూడ్డం వేరు, కొలవడం వేరు. అయినా నీకెందుకు చెబుతాను, నువ్వు పెద్ద ఆఫీసరువి,” అంటూ టేపు తీసి ఆవిడ సంచిలో పడేశాడు. ఆయన చేసే పనుల్లో వేళాకోళమేదో నిజమేదో ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఇంకా తేల్చుకోలేదు.

రెండు బస్సులు మారి వెళ్ళేసరికి పదకొండయింది. ఆసుపత్రి ఆఫీసులో స్టోర్సు గుమాస్తా కుర్చీలోంచి లేవకుండానే మర్యాద చేశాడు. రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూపించాడు. “నూట ఇరవై వచ్చాయి, నూట ఇరవై వాడుతున్నాం మేడమ్. ఒక్కటి కూడా పాడవలేదు. రాసిమ్మంటే ఇప్పుడే రాసిస్తాను.” రాసిచ్చాడు. ముద్ర కూడా వేశాడు. ఆ కాగితం పట్టుకుని ఆవిడ అక్కణ్ణుంచే బస్సెక్కి ఉంటే కథ సుఖాంతమయ్యేది. ఇరవై మూడో గడి వచ్చేది.

కానీ జబ్బు ఊరుకోదు కదా. నడవా దాటి మగవాళ్ళ వార్డుకెళ్ళింది. గుమాస్తా కుర్చీకీ ఆ వార్డుకీ మధ్య నలభై అడుగులుంటాయేమో.

మంచాలున్నాయి. అన్నిటి మీదా మనుషులున్నారు. కమ్మీలు లేవు. ఒక్క మంచానికీ లేవు. వాటి బదులు, లేవలేని ముసలివాళ్ళకు ఛాతీ మీదుగా దుప్పటి పరిచి, దాని కొసలు మంచం కింద ముడేసి కట్టారు. ఆవిడ కాసేపు అర్థం కాక గుమ్మంలోనే నిలబడిపోయింది.

“పక్కకి జరగమ్మా, బండి వస్తోంది,” అంటూ వెనకనుంచి ఆయమ్మ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో బకెట్టు.

“ఈ మంచాలకి కమ్మీలేవి?”

“కోసేశారుగా.”

“కోసేశారా? ఎందుకు?”

ఆయమ్మ బకెట్టు దించింది. ఇన్నాళ్ళకు అడిగేవాళ్ళు దొరికినట్టు చెప్పుకొచ్చింది. “తలుపులో పట్టలేదమ్మా, పక్కకి వంచి దూరుద్దామంటే ఎత్తలేనంత బరువు. లారీవాళ్ళు దించేసి సంతకం పెట్టించుకుని పోయారు. మూడు రోజులు వరండాలోనే ఉన్నాయి. అంతలో వాన పట్టుకుంది. ఊడదీద్దామంటే బోల్టులు కాదు, రివెట్లంట. మేస్త్రీని పిలిచి రంపంతో కోయించి లోపలేశారు. ఆ ముక్కలన్నీ వెనక షెడ్డులో గుట్టేసి ఉన్నాయి, చూస్తావా?”

“మరి వీళ్ళు పడిపోరూ?”

“పడ్డారు. మొదటి నెలలోనే ముగ్గురు. ఒక పెద్దాయనకి తుంటి విరిగింది, మళ్ళీ లేవలేదు పాపం. అప్పట్నుంచి కడుతున్నాం. కొందరు ఏడుస్తారమ్మా, నేనేం దొంగతనం చేశానని కట్టారని. ఏం చెప్తాం?”

ఎందుకమ్మ సంచిలోంచి టేపు తీసింది. ఆయమ్మ ఒక కొస పట్టుకుంది. గుమ్మం వెడల్పు ముప్పై తొమ్మిది అంగుళాలు. కమ్మీలతో కలిపి మంచం నలభై ఒకటిన్నర. ఆ సంఖ్య ఆవిడకు కంఠతా వచ్చు. తనే రాసింది.

రెండున్నర అంగుళాలు.

ఇందులో ఆవిడను ఎక్కువగా కాల్చింది వేరే సంగతి. ఆవిడ అడక్కపోలేదు. మూడేళ్ళ కిందట కొనేముందే ఉత్తరం రాసింది, మీ వార్డు తలుపుల వెడల్పెంత అని. ఆ ప్రశ్న రాసినందుకు తనను తాను మెచ్చుకుంది కూడా. నలభై రెండు అని జవాబొచ్చింది. అర అంగుళం మిగులుతుందని ధీమాగా సంతకం పెట్టింది. ఆ నలభై రెండు కట్టడం నాటి ప్లానులోది. తర్వాత చెక్క గుమ్మాలకు చెదలు పడితే, లోపల ఇనప చట్రాలు బిగించారు. ఒక్కోవైపు ఒకటిన్నర అంగుళం పోయింది. ప్లాను మాత్రం బీరువాలో నలభై రెండుగానే ఉండిపోయింది. జవాబు రాసినవాడు బీరువా దాకా వెళ్ళాడు, గుమ్మం దాకా వెళ్ళలేదు. ఎవరిదాకానో ఎందుకు, తను మాత్రం వెళ్ళిందా? కాగితం మీద ఎందుకని అడగడమే తప్ప కాళ్ళు కదిపిందెప్పుడు? వెళ్ళేముందు తన ఫోను నెంబరు చీటీ మీద రాసి ఆయమ్మ చేతిలో పెట్టింది. ఎందుకిచ్చిందో ఆవిడకే తెలీదు.

ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంటే భర్త కనిపెట్టేశాడు. అంతా విని, “అయితే ఇప్పుడేం రాస్తావు?” అన్నాడు.

“రెండు రకాలుగా రాయొచ్చండీ. నూట ఇరవైకి నూట ఇరవై వాడకంలో ఉన్నాయని రాస్తే అబద్ధం కాదు. ముద్ర ఉన్న కాగితం కూడా ఉంది. అలా రాస్తే గడి వస్తుంది. నా తర్వాతైనా ఎవరో ఒకరు వెళ్ళి చూస్తారు. కమ్మీల సంగతి రాస్తే మాత్రం ఆయన పైకి తీసుకెళ్ళడు. గడి రాదు. నా కాగితం గోడ మీంచి దిగుతుంది.”

“ఆ కాగితం వల్ల గోడకి మేకు తప్ప ఏం ఒరిగింది గానీ, గడి గురించి చెప్పు.”

“అదే కదా. ఏడేళ్ళు తిరిగానండీ దానికోసం. విసుగొచ్చేసింది.”

ఆయన కంచం పక్కకు జరిపాడు. “ఒకసారి నేనొకాయనకి చొక్కా కురచగా కుట్టాను, గుర్తుందా? నీట్‌గా ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇచ్చేశాను. బాగుందని మెచ్చుకుని తీసుకెళ్ళాడు. మడత విప్పి వేసుకునేదాకానేగా? మళ్ళీ ఈ వీధి మొహం చూళ్ళేదు.” తర్వాత గొంతు తగ్గించి, “నువ్వు గడి పెట్టించేది నిజం రాయడానికేగా. మొదటి దాంట్లోనే మడతపెట్టిస్తే ఎలాగే?” అన్నాడు.

మర్నాడు ఆవిడ ఉన్నదున్నట్టు రాసింది. రివెట్లు, రంపం, దుప్పట్లు, తుంటి విరిగిన పెద్దాయన, తన ఉత్తరం, తన సంతకం. చివర్న ‘నేను వెళ్ళి చూసి ఉండవలసింది’ అని రాసి, కింద తేదీ వేసింది.

డైరెక్టరు రెండుసార్లు చదివాడు. మొహం నల్లబడింది. “మేడమ్, ఇది నేను పైకెలా తీసుకెళ్ళను? ఆ మంచాల్ని మనం ఆదర్శమని అన్ని మీటింగుల్లోనూ చూపించాం. పైగా ప్రణాళికలో రెండో విడత ఉంది. అదే ఆసుపత్రికి ఇంకో అరవై.”

“అదే కొలతా?”

ఆయన నివేదిక మడిచాడు. “సరిచూసే కొందాంలెండి. లెటర్ పెట్టి తలుపు కొలత అడుగుతాం.”

“లెటర్ నేనూ పెట్టాను సార్,” అంది ఆవిడ. అంతకంటే గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. నివేదిక ఆయన సొరుగులోకి వెళ్ళడం చూసి, మెల్లగా లేచి తన సీటుకొచ్చి, గోడ మీది ప్రశంసాపత్రం తనే దింపి బీరువా వెనక పెట్టేసింది.

వీడ్కోలు సభ ముక్తసరిగా జరిగింది. గోడగడియారం ఇచ్చారు. ఇరవై ఆరు రోజుల్లో నూట ఇరవై మంచాలు చేర్చిన ఘనత ఆవిడదని డైరెక్టరు మాట్లాడాడు. మాట్లాడుతూ ఆవిడ వైపు చూడలేదు. చప్పట్లు కొట్టారు. గడి రాలేదు.

ఇంట్లో పదహారు రోజులు హాయిగా, అంటే చేసే పనేం తోచక, గడిచాయి. పదిహేడో రోజు ఫోను మోగింది. ఆయమ్మ.

“అక్కా, నేనే. మీ ఆఫీసు నుంచి కాగితం వచ్చిందట, తలుపెంతుందో రాయమని. ఇంకా అరవై మంచాలట కదా. మా స్టోర్సాయన నలభై రెండని రాసి పంపేశాడక్కా. కుర్చీలోంచి లేవందే! నేను చెబితే నీకెందుకే పో అన్నాడు.”

ఎందుకమ్మ వెంటనే సెక్షనుకు ఫోను చేసింది. తన సీట్లో ఇప్పుడు కూర్చున్నతను మర్యాదగానే మాట్లాడాడు. “ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా వచ్చింది మేడమ్. ఎల్లుండి ఆర్డరు వెళ్ళిపోతుంది. ముప్పై రోజుల్లోపే, పచ్చ.”

“నేను కొలిచానయ్యా. ముప్పై తొమ్మిది.”

“మీ మాట కాదనను. కానీ మీరు ఇప్పుడు... అంటే, ఆసుపత్రివాళ్ళే మార్చి పంపాలి కదా.”

ఫోను పెట్టేసి మంచం మీద కూలబడింది. నిజం చెప్పాలంటే లేవబుద్ధి కాలేదు. ముప్పై ఒక్కేళ్ళు మెట్లెక్కిన కాళ్ళు ఇక మావల్ల కాదన్నాయి. నాకేం పట్టింది, నా ఉద్యోగం అయిపోయింది కదా అని పైకే అనేసింది. మిషను చప్పుడు ఆగింది. ఆయన మెళ్ళోంచి టేపు తీసి చుట్టచుట్టి జేబులో పెట్టుకుని, చెప్పులేసుకున్నాడు.

“మీరెక్కడికి?”

“రెండో కొస ఎవరు పట్టుకుంటారే?”

స్టోర్సు గుమాస్తా ఈసారి కూడా కుర్చీలోనే ఉన్నాడు. ఆవిడ అతనితో వాదించలేదు. నివేదికల గురించీ తెరల గురించీ మాట్లాడలేదు. “బాబూ, ఒక్క రెండు నిమిషాలు నాతో రా. పెద్దదాన్ని, అడుగుతున్నాను,” అంది. విసుక్కుంటూనే లేచాడు. నలభై అడుగులు నడిచాడు. గుమ్మం దగ్గర దర్జీ టేపు తీసి, “ఈ కొస మీరు పట్టుకోండి,” అని గుమాస్తా చేతికిచ్చాడు. ఇంకో కొస తను పట్టుకున్నాడు. “చదవండి. నేను చదివితే మళ్ళీ నమ్మరు.”

గుమాస్తా వంగి చూశాడు. మళ్ళీ చూశాడు. “ముప్పై... తొమ్మిది,” అన్నాడు.

తర్వాత తలెత్తాడు. పన్నెండేళ్ళుగా ఆ ఆఫీసులో ఉన్నవాడు, వార్డు లోపలికి చూడడం అదే మొదటిసారేమో. దుప్పట్లతో కట్టేసిన వరసను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. టేపు వదిలేసి గబగబా వెనక్కి వెళ్ళాడు. పది నిమిషాల్లో ఉత్తరం పట్టుకొచ్చి ఆవిడకు చూపించాడు. ‘స్వయంగా కొలిచి చూశాను’ అని రాసి సంతకం పెట్టాడు. “ఇప్పుడే మెయిల్ చేస్తాను మేడమ్. ఫోను కూడా చేస్తాను,” అన్నాడు.

ఆయమ్మ మంచాలకు నెంబర్లు వేసే ఎర్రరంగు డబ్బా తెచ్చి, గుమ్మం చట్రం మీద 39 అని పెద్దగా రాయడం మొదలుపెట్టింది. ఎవరూ రాయమనలేదు.

గుమ్మానికి దగ్గర మంచం మీదున్న ముసలాయన ఇదంతా చూస్తున్నాడు. దర్జీ చేతిలో టేపు చూసి, “నాకేమన్నా చొక్కా కుడతారా నాయనా?” అన్నాడు.

“లేదు తాతా, గుమ్మం కొలుస్తున్నాం,” అంది ఎందుకమ్మ. “కొత్త మంచాలొస్తున్నాయి. ఈసారి సరిగ్గా వస్తాయి.”

“అట్లాగా.” ముసలాయన తన ఛాతీ మీద బిగించిన దుప్పటి వైపు చూసుకున్నాడు. “మరి నన్నెప్పుడు విప్పుతారమ్మా?”

కొత్తవి అరవై. అవి పక్క వార్డుకు, దాని గుమ్మమూ ఇంతే. ఈ నూట ఇరవై ఇలాగే ఉంటాయి. ఆ సంగతి ఆవిడకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మంచం పక్కన వంగి, మోకాళ్ళు కలుక్కుమంటుంటే పట్టించుకోకుండా దుప్పటి ముడి విప్పింది. లేచి, ఆయన దొర్లకుండా అంచున కూర్చుని చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగింటి బస్సు పోతుందని భర్త రెండోసారి గుర్తుచేసేదాకా లేవలేదు.